అరమనిషి కోసం వెదుకులాట: చిన్న హోటళ్ళూ, ఆదివారమూ

"పనివాళ్ళు కావలెను" అన్న అట్టముక్క ఇవాళ చిన్న హోటళ్ళలో గల్లాపెట్టె పక్కన శాశ్వతాలంకారమైపోయింది. మిగతా రోజులు ఎలాగో గడిచినా శని, ఆదివారాలు వచ్చేసరికి సర్వరు కనిపించడు, ప్లేట్లు కడిగే మనిషి రాదు, దోసె మాస్టరు ఫోనెత్తడు. జనం విరగబడి వచ్చే రోజూ పనివాడు రాని రోజూ ఒకటే అయి కూర్చుంది. దీనికి యజమానులు చెప్పే కారణం మనమంతా విన్నదే: మనుషులు సోమరులైపోయారు, ఉపాధి హామీ వచ్చి చెడగొట్టింది, ఈ కాలపు కుర్రాళ్ళకు ఒళ్ళు వంగదు. కాఫీ పావుగంట ఆలస్యమైతే మన మధ్యతరగతి పాఠకుడు కూడా ఈ సిద్ధాంతానికి తల ఊపుతాడు. ఒక్క ప్రశ్న మాత్రం ఎవరూ వేయరు. ఇన్నాళ్ళూ ఆదివారంనాడు ఈ హోటళ్ళకు మనుషులు ఎలా దొరికారు? వాళ్ళెవరు? ఏ షరతులమీద వచ్చారు? ఈ ప్రశ్న వేసుకుంటే సోమరితనం సిద్ధాంతం నిలవదు.

తెలుగు సాహిత్యంలో అమ్మకపు భోజనం కొత్తది కాదు. ఓరుగల్లు వీథులలో ఇద్దరు మిత్రులు ఒక పగలూ రాత్రీ తిరిగిన కథ క్రీడాభిరామం. దాన్ని వినుకొండ వల్లభరాయడు రాశాడా, శ్రీనాథుడు రాశాడా అన్న వివాదం పండితులకు వదిలేద్దాం. అందులో పూటకూటింటి భోజనం వెల ఒక రూక. ఆ పద్యం వంటకాల పేర్లన్నీ నోరూరేట్టు చెబుతుంది, ఇంటాయన పేరు చెబుతుంది. వండిన చెయ్యి ఎవరిదో చెప్పదు. ఆ చెయ్యి మొదటిసారి మనిషిగా మన ఎదుట నిలబడింది గురజాడ కన్యాశుల్కంలోనే. చేతిలో చీపురుకట్టతో గిరీశాన్ని వెదుక్కుంటూ వచ్చిన పూటకూళ్ళమ్మను చూసి నవ్విన ప్రేక్షకులు కోకొల్లలు. కాని ఆమె ఆర్థిక స్థితిని పట్టించుకున్న విమర్శకులు తక్కువ. సంతలో సామాన్లు కొనిపెడతానని గిరీశం పట్టుకుపోయి తగలేసిన ఇరవై రూపాయలు ఆమె వ్యాపారానికి పెట్టుబడి. రేపటి పప్పూ ఉప్పూ అందులోంచే రావాలి. ఆమె యజమానురాలు, వంటమనిషి, వడ్డించే మనిషి, అన్నీ తనే. వితంతువుకు మరో బతుకుదెరువు లేకుండా చేసిన సమాజం ఆమె శ్రమను పూటకూళ్ళ ఇంటికి ఉచితంగా సమకూర్చింది. ఆమెకు సెలవిచ్చేవాడు లేడు, అడిగే హక్కూ లేదు. పూటకూళ్ళ ఇల్లు వారానికి ఏడు రోజులూ నడిచిందంటే, దాని రహస్యం ఇంతే.

తరువాత హోటలు వచ్చింది. దక్షిణ కన్నడం నుంచి మద్రాసుకూ, బొంబాయికీ, మన కోస్తా పట్టణాలకూ ఉడిపి హోటలు విస్తరించిన వైనం ఆధునిక భారత చరిత్రలో చక్కని అధ్యాయం. మద్రాసు ఉడ్‌లాండ్స్ వ్యవస్థాపకుడు కె. కృష్ణారావు వంటింటి పనికుర్రాడుగా మొదలై పెద్ద హోటళ్ళ అధిపతి అయ్యాడు. ఇలాంటి కథలు మనకు ఇష్టం. గిన్నెలు తోమిన కుర్రాళ్ళలో హోటళ్ళ యజమానులు కానివారి లెక్క మాత్రం ఎవరూ రాయలేదు. ఆ రోజుల్లో వంటింట్లోకి ఎవరు రావచ్చునన్నది కులం నిర్ణయించేది. "బ్రాహ్మణ హోటలు" అన్న బోర్డు ఎంత మొండిగా బతికిందంటే, దాన్ని తీయించడానికి 1957లో మద్రాసు ట్రిప్లికేన్‌లో పెరియార్ అనుచరులు ఆందోళన చేయవలసి వచ్చింది. ఆ బోర్డు తినేవాడికే సంబంధించిందని మనం అనుకుంటాం. పనిలోకి తీసుకునేవాడి చేతులను కూడా అది కట్టేసింది. వంటకు ఫలానా కులంవాడే కావాలంటే సొంతూరుకి ఉత్తరం రాసి, మేనల్లుడినో దాయాది కొడుకునో రప్పించుకోవలసిందే. వచ్చిన కుర్రాడికి తిండి హోటల్లోనే, పడక రాత్రి బల్లలు జతచేసి వాటిమీదే. జీతం ఇంటికి పోతుంది, లేదా అడ్వాన్సు కింద చెల్లుతుంది. పడుకునే చోటే పనిచేసే చోటైనవాడికి సెలవు దొరికితే మాత్రం ఎక్కడికి పోతాడు? ఈ కుర్రాళ్ళ కోసం బొంబాయిలో కన్నడ రాత్రిబడులు వెలిశాయి. అవి రాత్రిబడులే ఎందుకయ్యాయో వేరే చెప్పనక్కరలేదు. పగలు వాళ్ళది కాదు.

ఇప్పుడు ఆదివారం సంగతికి వద్దాం. మన దేశంలో కార్మికుడికి ఆదివారం దయాదాక్షిణ్యంగా వచ్చింది కాదు. నారాయణ్ మేఘాజీ లోఖండే 1884లో బొంబాయి మిల్లు కార్మికులను కూడగట్టి, ఏళ్ళ తరబడి అర్జీలూ సభలూ నడిపాక, 1890లో మిల్లు యజమానులు వారాంతపు సెలవుకు ఒప్పుకున్నారు. మిల్లుకు సెలవంటే మిల్లు మూతపడుతుంది. దుకాణాలకూ దాదాపు అదే పద్ధతి. హోటలు దగ్గరకు వచ్చేసరికి చట్టం ఒక మెలిక పెట్టింది. 1942 నాటి వారాంతపు సెలవుల చట్టం చదివి చూడండి. దుకాణం వారంలో ఒకరోజు మూసి ఉంచాలంటుంది. రెస్టారెంటు, థియేటరు విషయంలో మూయమనదు. పనిచేసే మనిషికి మాత్రం వారంలో ఒక పూర్తి రోజు సెలవు ఇమ్మంటుంది. పైగా ఆ చట్టం రాష్ట్ర ప్రభుత్వం ప్రకటిస్తేనే అక్కడ అమలులోకి వస్తుంది. తరువాత ఆంధ్రప్రదేశ్‌లో 1966లోనూ, మళ్ళీ 1988లోనూ దుకాణాలూ సంస్థల చట్టాలు వచ్చాయి. మనిషికి వారానికో రోజు సెలవన్న సూత్రం వాటిలోనూ ఉంది. ఊరంతా సెలవు తీసుకున్న రోజున ఊరికి అన్నం పెట్టడం హోటలు ధర్మం కనుక హోటలు తెరిచే ఉంటుంది, మనిషి మాత్రం సెలవు తీసుకుంటాడు. వినడానికి న్యాయంగానే ఉంది.

ఈ న్యాయాన్ని లెక్కలో పెడదాం. హోటల్లో ఆరుగురి పని ఉందనుకోండి. వారానికి నలభై రెండు రోజుల పని. ఒక్కొక్కరు ఆరు రోజులే చేయాలంటే ఏడుగురు కావాలి. ఆ ఏడో మనిషి వంతులవారీగా అందరి బదులూ చేస్తాడు. పెద్ద హోటలుకు ఇది సులువు. ఇప్పుడు ముగ్గురితో నడిచే చిన్న హోటలు తీసుకోండి. ఇరవై ఒక్క రోజుల పనికి కావలసింది మూడున్నర మనుషులు. ఆ అరమనిషిని ఏ సంతలో కొంటారు? నాలుగో మనిషిని పెడితే అతనికి సగం వారమే పని ఉంటుంది, జీతం మాత్రం బతకడానికి పూర్తిగా కావాలి. పెట్టకపోతే ముగ్గురిలో ఎవరి సెలవో తినెయ్యాలి. మన చిన్న హోటళ్ళ శ్రమ చరిత్రంతా ఈ అరమనిషి చుట్టూనే తిరిగిందని నా అభిప్రాయం.

ఆ అరమనిషి దొరికాడు. యజమాని భార్య ఒక అరమనిషి: వెనక వంటింట్లో పచ్చడి రుబ్బుతూ, పిండి కలుపుతూ, ఏ హాజరుపట్టీలోనూ పేరు లేకుండా. రెండో అరమనిషి పిల్లవాడు. పదేళ్ళవాడు, పన్నెండేళ్ళవాడు, బల్ల తుడుస్తాడు, గ్లాసులు ఎత్తుతాడు, పక్క ఆఫీసుకు టీ మోస్తాడు. సగం మనిషికి సగం జీతం, పని మాత్రం మనిషిన్నరది. పెద్దవాడు ఆదివారం రాకపోతే అతని పనికూడా ఈ పిల్లవాడి నెత్తినే. వీణ్ణి మన కథల్లో ఎన్ని హోటళ్ళలో చూశాం! నాయకుడూ అతని మిత్రుడూ కూర్చుని దేశపరిస్థితి చర్చిస్తుంటారు. "ఒరేయ్, రెండు కాఫీ" అన్న కేకకు జవాబుగా కప్పులు వస్తాయి. తెచ్చినవాడికి పేరుండదు, ఊరుండదు. అభ్యుదయ రచయితలం రిక్షావాడి గురించీ, రైతుకూలీ గురించీ రాశాం. మనం గంటల తరబడి కూర్చుని ఆ కథలు చర్చించుకున్న బల్లను తుడిచినవాడి జోలికి అంతగా పోలేదు. ఇది తెలుగువాళ్ళ ఒక్కళ్ళ లోపమే కాదు. కన్నడంలో వివేక్ శానభాగ్ "ఘాచర్ ఘోచర్" నవలికలో కాఫీ హౌస్ సర్వరు విన్సెంట్ మరపురాని పాత్రే; అయినా అతను మనకు కనిపించేది బల్లకు ఇవతల కూర్చున్నవాడి కళ్ళతోనే. అరవింద్ అడిగ "వైట్ టైగర్" (2008) కథానాయకుణ్ణి చదువు మాన్పించి టీ కొట్లో బొగ్గు కొట్టించి, బల్లలు తుడిపిస్తారు. బల్లకు అవతలివైపు నుంచి చూసిన రచన అది.

2006 అక్టోబర్ 10 నుంచి పద్నాలుగేళ్ళలోపు పిల్లలను హోటళ్ళలో, ధాబాలలో, టీ దుకాణాలలో పెట్టుకోవడం నిషిద్ధమైంది. అంతకుముందు 1986 చట్టం ప్రమాదకర పనులనే నిషేధించింది. ఎంగిలి ప్లేట్లు కడగడం ఆ జాబితాలోకి ఎక్కడానికి ఇరవై ఏళ్ళు పట్టిందన్నమాట! 2010లో విద్యాహక్కు చట్టం అమలులోకి వచ్చింది. రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషన్ వంటి సంస్థలు 1990ల నుంచే పనిలో ఉన్న పిల్లలను బడికి చేర్చే ఉద్యమం నడిపాయి. చట్టం ఒక్కరోజులో లోకాన్ని మార్చలేదు, దొంగచాటుగా పెట్టుకునేవాళ్ళు పెట్టుకున్నారు. అయినా అరమనిషి బహిరంగంగా దొరకడం ఆగిపోయింది. అదే 2006లో, ఫిబ్రవరి 2న, అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం ప్రారంభమైంది. యజమానులు వేలెత్తి చూపేది దీన్నే. అది కుటుంబానికి ఏడాదికి వంద రోజుల పని హామీ ఇచ్చిన చట్టం. పట్నంలో ఆదివారం సాయంత్రం సర్వరు రాకపోవడానికి పల్లెలో వేసవిలో తవ్విన చెరువు మట్టి ఎలా కారణమౌతుందో నాకు ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు. పిల్లవాడు బడికి పోయాడన్న మాట పైకి అనలేక ఉపాధి హామీని తిడుతున్నారేమోననిపిస్తుంది.

పిల్లవాడి స్థానంలోకి వలస కార్మికుడు వచ్చాడు. ఒడిశా, బెంగాలు, బీహారు, అస్సాంల నుంచి వచ్చినవాళ్ళు హైదరాబాదు హోటళ్ళలో ఇవాళ ఎక్కడ చూసినా కనిపిస్తారు. ఇల్లు దగ్గర లేనివాడికి ఆదివారం లేదు. అతను వారాల తరబడి సెలవులు మింగేసి, పూజలకో ఛఠ్ పండుగకో వాటన్నిటినీ ఒక్కసారి వసూలు చేసుకుంటూ నెల్లాళ్ళు ఊరికి పోతాడు. చట్టం వారానికోరోజు అంటే, అతని జీవితం ఏడాదికో నెల అంది. యజమానికి ఈ ఏర్పాటు హాయిగానే ఉండేది. 2020 మార్చి లాక్‌డౌనులో హోటళ్ళు మూతపడ్డాయి. తిండీ పడకా రెండూ హోటల్లోనే అయినవాడికి ఒకేసారి కూడూ గూడూ పోయాయి. దేశంలో మొదటి శ్రామిక రైలు 2020 మే 1న బయలుదేరింది హైదరాబాదు శివారు లింగంపల్లి నుంచే. జార్ఖండ్‌లోని హతియాకు సుమారు 1,200 మందిని తీసుకుపోయిన ఆ రైలులో ఎక్కింది భవన నిర్మాణ కార్మికులు. కాని ఆ తోవనే, రైలు దొరకక కాలినడకన కూడా, పోయినవాళ్ళలో హోటలు పనివాళ్ళూ ఉన్నారు. తిరిగి వచ్చినవాళ్ళు వచ్చారు. ఆ రోజుల్లో తమను ఏ యజమాని నిలుపుకున్నాడో, ఏ యజమాని వదిలేశాడో వాళ్ళు మర్చిపోతారని అనుకోలేం.

మరి స్థానిక యువకుడు ఏమయ్యాడు? అతను ఆదివారం ఇంట్లో పడుకుని లేడు. ఫంక్షన్ హాల్లో ఉన్నాడు. మన డిగ్రీ, ఇంటర్ విద్యార్థులలో "కేటరింగ్‌కి వెళ్ళడం" ఎంత మామూలైపోయిందో ఈ పత్రిక చదివే విద్యార్థులకు నేను చెప్పనక్కరలేదు. మీలో కొందరు వెళ్ళి వచ్చినవాళ్ళే అయివుంటారు. ముహూర్తం రోజున తెల్లచొక్కా వేసుకుని వరుసల్లో వడ్డిస్తే, రాత్రికి డబ్బు చేతిలో పడుతుంది, కడుపునిండా భోజనం ఉంటుంది, మర్నాడు రమ్మనేవాడు లేడు. లేకపోతే బండి ఉంటే స్విగ్గీకో జొమాటోకో ఆర్డర్లు మోస్తున్నాడు. అక్కడ ప్రోత్సాహకాలు ఉండేవి కూడా జనం ఎక్కువ తినే వేళల్లోనే. అదీ దోపిడీయే, ప్రమాదం జరిగితే దిక్కులేదు, లెక్కలు ఎవరు ఎలా వేస్తారో తెలియదు. అయినా "ఒరేయ్" అనే గొంతు ఎదురుగా ఉండదు. ఈ ఒక్క మాట విలువ ఎంతో కులసమాజంలో పుట్టినవాడికే తెలుస్తుంది. చిన్న హోటలు అతనికి ఇవ్వజూపేది ఏమిటి? నెల జీతం, ఏడు రోజుల పని, పైగా ఆ "ఒరేయ్".

చిన్న హోటలు యజమానిని ఇక్కడ ప్రతినాయకుణ్ణి చేయడం సులువు. కాని అతను కూడా తెల్లవారుజామున నాలుగింటికి పొయ్యి వెలిగించేవాడే. అద్దె, గ్యాసు బండ, ఆన్‌లైన్ సంస్థలకు కట్టే కమీషను పోగా మిగిలేది అతని సొంత కూలి, అతని భార్య కూలి మాత్రమే. మెస్సులు నడిపేవాళ్ళు చాలామంది ఆదివారం మధ్యాహ్నం బిరియానీ పెట్టి రాత్రికి మూసేస్తారు. దాన్ని కస్టమర్లు బద్ధకమంటారు. చట్టం చెప్పిన ఒక రోజులో సగం అలా, కాగితం లేకుండా, అమలౌతోంది. పనివాడి సెలవు ఖర్చు దోసె ధరలో ఏనాడూ కలవలేదు. కలిపితే కొనేవాడు పక్క హోటలుకు పోతాడు. ఆ తక్కువ ధరకు అలవాటుపడిన మనం కూడా ఈ లెక్కలో భాగస్థులమే.

మరో దారి ఎవరూ ప్రయత్నించలేదా అంటే, ప్రయత్నించారు. కాఫీ బోర్డు తన కాఫీ హౌసులను మూసి కార్మికులను వీథిన పడేస్తే, ఎ.కె. గోపాలన్ ప్రోద్బలంతో ఆ సర్వర్లే సహకార సంఘాలు పెట్టుకున్నారు. 1957లో బెంగుళూరులో, 1958లో త్రిశూరులో ఇండియన్ కాఫీ హౌసులు కార్మికుల సొంతమయ్యాయి. బల్ల తుడిచినవాడే ఆ బల్లకు హక్కుదారు. ఆ పోరాటంలో ఉన్న నడక్కల్ పరమేశ్వరన్ పిళ్ళై దాని చరిత్రను మలయాళంలో స్వయంగా పుస్తకంగా రాశాడు. ముగ్గురు మనుషుల టిఫిన్ సెంటరు సహకార సంఘం కాలేదన్నది నిజమే. నాలుగు చిన్న హోటళ్ళు కలిసి ఇద్దరు బదిలీ మనుషులను పెట్టుకుంటే నాలుగు అరమనుషుల లెక్క తేలిపోతుందన్నదీ అంతే నిజం. పోటీలో ఒకరి గొంతు ఒకరు కోసుకునే చిన్న యజమానులకు అది తట్టదు.

ప్రస్తుతానికి వాళ్ళకు తట్టిన ఉపాయం పంచాంగం. ఆషాఢంలోనూ మూఢంలోనూ ఫంక్షన్ హాళ్ళు బోసిపోతాయి. అప్పుడు కేటరింగు కుర్రాళ్ళు హోటళ్ళవైపు చూస్తారు, అట్టముక్క కొన్నాళ్ళు కిందికి దిగుతుంది. శ్రావణం రాగానే వీళ్ళు పోతారని యజమానికి తెలుసు కనుక నెల జీతం మాట ఎత్తడు, రోజుకూలి లెక్కగట్టి రాత్రికి చేతిలో పెడతాడు. కుర్రాడూ నెల జీతం అడగడు.