కాటన్‌పేటలో మొదటి బైకు: కొనేముందు మన ఇళ్లలో చూసుకోవాల్సినవి

పీయూసీ ముగించి డిగ్రీలో చేరగానే, లేదా మొదటి ఉద్యోగం దొరకగానే మన ఇళ్లలో మొదలయ్యే చర్చ బైకుదే. అబ్బాయి ఒక బండి పేరు చెబుతాడు. నాయన మైలేజీ ఎంత అంటాడు. అమ్మ అసలు బైకే వద్దంటుంది. ఇంతలో మదనపల్లె నుంచో హిందూపురం నుంచో మేనమామ ఫోను చేసి, "మా పాత బండి ఊరికే పడుంది, తీసుకుపోండి" అంటాడు. కాటన్‌పేటలో తరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబాల్లో ఈ మాటలు వినని ఇల్లు తక్కువ. ఈమధ్య అమ్మాయిలు కూడా గేర్ల బండే కావాలంటున్నారు, మంచిదే.

ఫలానా కంపెనీ బండి కొనమని మేము ఇక్కడ చెప్పడం లేదు. అయితే కొత్తగా నేర్చుకునేవారి ఇంట్లో అందరూ రంగు, సీసీ, మైలేజీ దగ్గరే ఆగిపోతారు. తరువాత ఇబ్బంది పెట్టేవి మాత్రం ఎక్కువగా రెండే: బండి బరువు, ఆర్సీలో ఉన్న పేరు.

ముందు బరువు సంగతి. కాటన్‌పేట మెయిన్ రోడ్డు మీద పగటిపూట బండి నడిపినవారికి ఇది విడమరచి చెప్పనక్కర్లేదు. ముందు సరుకు దించుతున్న గూడ్స్ ఆటో, పక్కన తోపుడు బండి, మధ్యలో మూట నెత్తిన పెట్టుకుని దాటుతున్న హమాలీ. అక్కిపేట, చిక్కపేట సందుల్లోకి తిరిగితే ఇంకా ఇరుకు. ఇక్కడ బండి గంటకు వంద కిలోమీటర్లు పోతుందా లేదా అన్నది ప్రశ్నే కాదు. నడిచే మనిషి వేగంతో, హాఫ్ క్లచ్ మీద, పది అడుగులకొకసారి ఆగుతూ పోయేటప్పుడు పడకుండా నిలబెట్టగలమా అన్నదే ప్రశ్న.

మాకు తెలిసిన ఒక కుర్రవాడు మొదటి జీతాలు కూడబెట్టి 350 సీసీ బండి కొన్నాడు. పెద్ద రోడ్డు మీద ఏమీ కాలేదు. వారం తిరక్కముందే, సాయంత్రం ఇంటికి వస్తూ వఠారం గుమ్మం ముందున్న మోరీ బండ మీద ఆగాడు. ఎడమకాలు కింద ఆనించబోతే అక్కడ నేల పల్లంగా ఉంది. బండి ఒరిగింది, పట్టుకోబోయాడు, అది కాలిమీదే పడింది. చీలమండ విరిగి మూడు నెలలు ఇంట్లో కూర్చున్నాడు. అప్పుడు బండి వేగం సున్నా. తలకు హెల్మెట్ ఉంది, లైసెన్సు ఉంది, తప్పు చేసిందీ లేదు. బరువు ఒక్కటే మించిపోయింది.

ఆ బరువు ఎంతో అంకెల్లో చూస్తే తేడా తెలుస్తుంది. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 సుమారు 195 కిలోలు. బజాజ్ పల్సర్ 150 సుమారు 150. హీరో స్ప్లెండర్ ప్లస్ 112, హోండా షైన్ 100 అయితే 99. అంటే క్లాసిక్‌కూ షైన్ 100కూ మధ్య తేడా దాదాపు రెండు బియ్యం బస్తాలంత. బండి నిటారుగా ఉన్నంతసేపూ ఆ బరువు తెలియదు. కొంచెం ఒరిగిందంటే మొత్తం మన కాలిమీదికే వస్తుంది. నాలుగేళ్లు నడిపినవారికి ఎక్కడ ఆగాలో, ఏ కాలు దించాలో ఒంటికి అలవాటై ఉంటుంది. కొత్తవారికి ఆ అలవాటు ఇంకా రాలేదు.

సీటు ఎత్తు కూడా చూడండి. స్ప్లెండర్ ప్లస్‌ది 785 మిల్లీమీటర్లు, బజాజ్ ప్లాటినా 100ది 807, క్లాసిక్ 350ది 805. రెండు సెంటీమీటర్లు ఏపాటి అనిపిస్తుంది కానీ, పొట్టిగా ఉన్నవారికి పాదం పూర్తిగా ఆనడానికీ మునివేళ్లు మాత్రమే ఆనడానికీ ఉన్న తేడా అదే. ఒకే ఎత్తున్న రెండు సీట్లలో సన్నని సీటుకు కాళ్లు బాగా అందుతాయి కాబట్టి కాగితం మీద అంకె చూసి తేల్చకూడదు. ఎక్కి కూర్చోవాలి.

షోరూములో చేయాల్సిన పరీక్ష ఇది. రోజూ వేసుకునే చెప్పులతోనో బూట్లతోనో వెళ్లండి. కూర్చుని రెండు పాదాలూ నేలకు ఆనుతున్నాయా చూడండి. తరువాత కూర్చున్నచోటే కాళ్లతో బండిని పది అడుగులు వెనక్కి నెట్టండి. దిగి సెంటర్ స్టాండు వేయండి, తీయండి. షోరూము గచ్చు నున్నగా సమంగా ఉంటుంది, మన సందు అలా ఉండదు, కాబట్టి అక్కడే ఇబ్బంది పడితే ఇంటిదగ్గర ఇంకా కష్టం. బండి రాత్రిపూట ఎక్కడ ఉంటుందో కూడా కొలుచుకోండి. రెండు మెట్లమీద పలక వేసి లోపలికి ఎక్కించాల్సిన ఇళ్లు మనవాళ్లవి చాలా ఉన్నాయి. ఆ పని అబ్బాయి ఊళ్లో లేని రోజు ఎవరు చేస్తారో ముందే ఆలోచించాలి.

మా అభిప్రాయం చెప్పమంటే, గేర్ల బండి మీద మొదటి రెండేళ్లకు 100 నుంచి 125 సీసీ చాలు. పెద్ద బండి మీద మోజు ఉంటే రెండేళ్ల తరువాత తీసుకోవచ్చు, అప్పటికి దాన్ని సంతోషంగా నడపగలుగుతారు కూడా. ఈ మాటకు కుర్రకారు నొచ్చుకుంటారని తెలుసు. వాళ్ల తాతలు నడిపింది మాత్రం జావా, యెజ్డీ కదా అంటారు. నిజమే, మైసూరులో ఐడియల్ జావా ఫ్యాక్టరీ 1961 నుంచి 1996 వరకు నడిచింది, కిక్కుకూ గేరుకూ ఒకే లివరున్న ఆ బండ్లు పేటల్లో చాలా తిరిగాయి. కానీ 1980లో హోసూరు నుంచి టీవీఎస్ 50 వచ్చాక దుకాణాల పనికి దాన్ని మళ్లించుకున్నవాళ్లూ ఆ తాతల్లోనే ఉన్నారు. మూట వేసుకుని సందులో దూరాలంటే తేలిక బండే మేలని వాళ్లకు తెలుసు.

అయితే బ్రేకుల దగ్గర ఒక సంగతి గమనించాలి. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి అయింది. గట్టిగా బ్రేకు పట్టినా చక్రం బిగుసుకుపోయి జారకుండా అది కాపాడుతుంది. 125, అంతకంటే చిన్న బండ్లకు ఆ నిబంధన కోరింది సీబీఎస్ మాత్రమే, అంటే ఒక బ్రేకు నొక్కితే రెండు చక్రాలకూ పట్టే ఏర్పాటు. చిన్న బండిలోనే ముందు చక్రానికి డిస్కు బ్రేకు ఉన్న రకం దొరికితే కొంచెం ఎక్కువైనా అదే తీసుకోండి. స్టిక్కర్లకూ క్రాష్ గార్డుకూ పెట్టే డబ్బు అక్కడ పెట్టడం మంచిది.

స్కూటర్ చాలనుకునేవారికి క్లచ్ బాధ లేదు. ఎలక్ట్రిక్ బండి విషయంలో మాత్రం వఠారాల్లో ఉండేవారు ముందు చార్జింగు పాయింటు చూసుకోవాలి. పై అంతస్తు నుంచి కిటికీలోంచి వైరు వేలాడదీసి చార్జి చేయడం ప్రమాదం.

ఇప్పుడు రెండో సంగతి, మేనమామ ఇచ్చే బండి. ఉచితంగా వస్తున్న బండిని కాదనడం కష్టమే. నేర్చుకోవడానికి పాత బండి మంచిది కూడా, గీతలు పడినా మనసు నొచ్చుకోదు. కానీ అది ఏపీ 02నో, ఏపీ 03నో, 2019 తరువాతి ఏపీ 39నో నంబరుతో కాటన్‌పేటకు వస్తుంది. మోటారు వాహనాల చట్టం ప్రకారం వేరే రాష్ట్రం బండి పన్నెండు నెలలకు మించి ఇక్కడ ఉంటే ఇక్కడ రిజిస్టరు చేయించాలి. అందుకు అక్కడి ఆర్టీవో నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ కావాలి. ఆంధ్రలో కట్టిన జీవితకాల పన్ను కర్ణాటకలో చెల్లదు, ఇక్కడ బండి వయసును బట్టి మళ్లీ కట్టాలి. బండి మీద అప్పు తీరిపోయినా ఆర్సీలో బ్యాంకు పేరు అలాగే ఉంటే, ఫారం 35 తెచ్చి దాన్నీ తీయించాలి. ఇవన్నీ లెక్కవేసుకున్నాక కూడా లాభమనిపిస్తే తెచ్చుకోండి.

పేరు మార్చడానికి ఫారం 29, ఫారం 30 ఉన్నాయి. "మనలో మనకెందుకు ఈ కాగితాలు" అని వదిలేసేవారే ఎక్కువ. 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఈ సందర్భంలో గుర్తుంచుకోవాలి. బండి చేతులు మారినా ఆర్సీలో ఎవరి పేరు ఉందో చట్టం దృష్టిలో యజమాని వారేనని, ప్రమాదం జరిగితే నష్టపరిహారం బాధ్యత వారిమీదే ఉంటుందని అందులో చెప్పింది. అంటే ఇక్కడ మైసూరు రోడ్డులో మన అబ్బాయి ఎవరినైనా గుద్దితే, బీమా కూడా లేకపోతే, కేసు వెళ్లేది మదనపల్లెలో పడుకుని నిద్రపోతున్న మేనమామ మీదికి. బంధుత్వం నిలవాలనుకునేవారు పేరు మార్పించుకోవాలి. బండి మారిన పద్నాలుగు రోజుల్లోపు బీమా కంపెనీకి కూడా రాసివ్వాలి.

బయటివారి దగ్గర సెకండ్ హ్యాండు కొంటే వీటికి తోడు ఇంకొన్ని చూడాలి. ఆర్సీలోని చాసిస్ నంబరు, ఇంజను నంబరు బండి మీద ఉన్నవాటితో సరిపోవాలి. ట్రాఫిక్ జరిమానాలు ఎన్ని ఉన్నాయో నంబరు కొట్టి చూసుకోండి. 2023 ఫిబ్రవరిలో ప్రభుత్వం సగం తగ్గించి కట్టుకోమన్నప్పుడు బెంగళూరులో జనం ఎలా ఎగబడ్డారో గుర్తుందిగా, బాకీలు అంతగా పేరుకుపోయి ఉంటాయి. 2019 ఏప్రిల్‌కు ముందటి బండి అయితే హెచ్‌ఎస్‌ఆర్‌పీ నంబరు ప్లేటు వేయించారో లేదో అడగండి. చల్లగా ఉన్నప్పుడే ఇంజను స్టార్టు చేయించి చూడాలి, మీరు వచ్చేసరికే వేడెక్కించి ఉంచారంటే కొంచెం అనుమానించవచ్చు. తెలిసిన మెకానిక్కును వెంట తీసుకెళ్లి ఆయనకు కాఫీ ఖర్చుతో పాటు ఏదైనా చేతిలో పెట్టండి, ఆ డబ్బు వృథా పోదు.

లైసెన్సు గురించి క్లుప్తంగా. గేర్ల బండికి 18 ఏళ్లు నిండాలి. లెర్నర్ లైసెన్సు ఆరు నెలలు చెల్లుతుంది, తీసుకున్న 30 రోజుల తరువాత పరీక్షకు వెళ్లవచ్చు. ఆ మధ్యకాలంలో ముందూ వెనకా తెల్లని పలక మీద ఎర్రని 'ఎల్' అక్షరం ఉండాలి, నేర్పేవారిని తప్ప ఎవరినీ వెనక ఎక్కించుకోకూడదు. పీయూసీ పిల్లల చేతికి బండి ఇచ్చే నాయనలు ఒక సంగతి తెలుసుకోవాలి: 2019 సవరణ తరువాత మైనరు బండి నడిపితే శిక్ష తల్లిదండ్రులకో యజమానికో పడుతుంది, మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషను ఏడాది రద్దవుతుంది, పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు.

హెల్మెట్‌కు వేరే డబ్బు పక్కన పెట్టుకోండి, రెండు కొనాలి, ఎందుకంటే వెనక కూర్చునేవారికీ తప్పనిసరి. ఐఎస్‌ఐ గుర్తు, ఐఎస్ 4151 అన్న అంకె చూసి, గడ్డం కూడా కప్పే రకం తీసుకోండి. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయిన 1,68,491 మందిలో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద ఉన్నవారే. అమ్మ వద్దనడానికి కారణం ఉంది మరి.

నేర్చుకోవడానికి మన పేటలో మంచి వేళ ఆదివారం తెల్లవారుజాము. హోల్‌సేల్ దుకాణాలు మూసి ఉంటాయి, గూడ్స్ ఆటోలు తక్కువ. మొదటి నెల ఆ వేళలోనే క్లచ్ వదలడం, ఎనిమిది ఆకారంలో తిరగడం, నడక వేగంతో పోవడం సాధన చేయాలి. పలమనేరుకో హిందూపురానికో పండక్కి బండి మీదే పోదామన్న ఆలోచన మొదటి ఆరు నెలలు పక్కన పెట్టండి. మైసూరు ఎక్స్‌ప్రెస్‌వే ప్రధాన మార్గంలో 2023 ఆగస్టు నుంచి బైకులను రానివ్వడం లేదు, సర్వీసు రోడ్డులోనే పోవాలి. ఇంకొకటి, కొత్తగా వచ్చినవారికి తెలియదు కానీ మనకు తెలుసు: చైత్ర పౌర్ణమికి కరగ ఊరేగింపు తవక్కల్ మస్తాన్ దర్గాకు వచ్చే రాత్రి ఈ వీధుల్లో బండి కదలదు. మరుసటి పొద్దున డ్యూటీ ఉన్నవారు సాయంత్రమే బండిని పేట బయట ఎక్కడైనా తెలిసినవారి ఇంటిదగ్గర పెట్టుకుంటే మంచిది.