మమ్లూకుల కాలంలో తాఊన్: ఒకే వ్యాధి, వేర్వేరు వేదనలు

క్రీ.శ. 1347 శరత్కాలంలో అలెగ్జాండ్రియా రేవు గుండా ఈజిప్టులోకి ఒక మహమ్మారి ప్రవేశించింది. అరబ్బు చరిత్రకారులు దానిని తాఊన్ అన్నారు. మనం ప్లేగు అంటాం. హిజ్రీ 749 (క్రీ.శ. 1348–49) ముగిసేలోగా అది కైరో, గాజా, డమాస్కస్, అలెప్పో నగరాలను ఊపివేసింది. ఈజిప్టు, సిరియా జనాభాలో దాదాపు మూడవ వంతు నశించి ఉంటుందని ఆధునిక చరిత్రకారుల అంచనా. అంతటితో అది పోలేదు. తరువాతి నూట యాభై ఏళ్ళకు పైగా కొన్నేళ్ళకొకసారి తిరిగివస్తూనే ఉంది.

ఎంతమంది మరణించారన్న ప్రశ్నకు చరిత్ర గ్రంథాలలో చాలా చోటు దొరికింది. ఎవరు ఏ విధంగా బాధపడ్డారన్న ప్రశ్నకు అంత చోటు దొరకలేదు. సైనికుడు, రైతు, కూలి, విద్వాంసుడు, తల్లి, పసిబిడ్డ — వీరందరినీ పట్టుకున్నది ఒకే వ్యాధి. కాని వారి శరీరాలమీద, మనసులమీద అది వేసిన భారం ఒకటి కాదు. ఆ తేడాను గుర్తించినప్పుడు సమాజం ఎలా నడుచుకున్నదో, గుర్తించనప్పుడు ఏమైందో తెలుసుకోవడానికి మమ్లూకుల కాలం (1250–1517) తగిన ఉదాహరణ.

ముందున్న ఆదర్శం

ఆ కాలపు ముస్లింలకు తాఊన్ పూర్తిగా కొత్త విషయం కాదు. హిజ్రీ 18 (క్రీ.శ. 639) లో పాలస్తీనాలోని అమ్వాస్ వద్ద మొదలైన తాఊన్ సిరియా ముస్లిం సైన్యాన్ని తుడిచిపెట్టినంత పని చేసింది. హజ్రత్ ఉమర్ (ర) సిరియాకు ప్రయాణమై సర్గ్ అనే చోటికి చేరినప్పుడు ఈ వార్త తెలిసింది. ఆయన ముహాజిర్లను, అన్సార్లను విడివిడిగా సంప్రదించారు. అభిప్రాయాలు చీలిపోయాయి. ఖురైషు పెద్దలు మాత్రం ఏకకంఠంతో వెనుదిరగడమే మేలన్నారు. అల్లాహ్ నిర్ణయం నుండి పారిపోవడమా అని హజ్రత్ అబూ ఉబైదా (ర) ప్రశ్నించగా, తాము ఆయన నిర్ణయం నుండి ఆయన నిర్ణయానికే పోతున్నామని ఉమర్ (ర) బదులిచ్చారు. ఆ తరువాత హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (ర) వచ్చి, తాఊన్ ఉన్న ప్రాంతంలోకి పోరాదనీ, తామున్న ప్రాంతంలో వస్తే పారిపోయే ఉద్దేశంతో వెళ్ళరాదనీ దైవప్రవక్త (స) చెప్పగా విన్నానని తెలియజేశారు. ఖలీఫా అల్లాహ్‌ను స్తుతించి మదీనాకు తిరిగిపోయారు.

అబూ ఉబైదా (ర) తన సైనికులను విడిచి రావడానికి ఇష్టపడక అక్కడే ఉండి ఆ వ్యాధితోనే కన్నుమూశారు. ఆయన తరువాత బాధ్యత స్వీకరించిన హజ్రత్ ముఆజ్ బిన్ జబల్ (ర) కూడా మరణించారు. పిమ్మట హజ్రత్ అమ్ర్ బిన్ ఆస్ (ర) జనాన్ని కొండలమీదికి చెదరగొట్టి తీసుకుపోయారు. వెనుదిరగడం, నిలిచి ఉండడం, చెదిరిపోవడం — మూడూ సహాబీల ఆచరణలో కనిపిస్తాయి. తాఊన్‌లో సహనంతో నిలిచి ఉండే విశ్వాసికి షహీద్‌కు లభించేటంత పుణ్యం ఉందన్న హదీసు, ఈ ఆదేశాలు — ఇవే తరువాతి తరాల ఆలోచనకు పునాది.

పల్లె, కోట, నగరం

ఈ వ్యాధికి మూలమైన సూక్ష్మజీవిని 1894లో హాంకాంగ్‌లో అలెగ్జాండర్ యెర్సిన్ కనుగొన్నాడు. ఎలుకల ఒంటిమీది గోమార్ల ద్వారా అది మనిషికి సోకుతుందని 1898లో మన దేశంలోనే పరిశోధనలు జరిపిన సిమాన్ తెలియజెప్పాడు. పద్నాలుగవ శతాబ్దపు మనిషికి ఇదేమీ తెలియదు. చంకలో, గజ్జలో బిళ్ళ కట్టడం, తీవ్రమైన జ్వరం, కొందరికి నోటివెంట రక్తం పడడం, రెండు మూడు రోజుల్లో ప్రాణం పోవడం — ఇంతవరకే అతని కంటికి కనిపించింది. ఒక ఇల్లు ఖాళీ అయి, పక్క ఇల్లు ఎందుకు మిగిలిందో అతనికి అంతుపట్టలేదు. మరణభయం కన్నా ఈ అంతుపట్టనితనమే మనసును ఎక్కువగా కుంగదీసింది.

పల్లెల్లో దెబ్బ ఒక విధంగా తగిలింది. నైలు నది పొంగే వ్యవసాయానికి కాలువలు పూడిక తీయాలి, గట్లు కట్టాలి, నీరు దిగిన వెంటనే విత్తాలి. మనుషులు తగ్గితే భూమి బీడు కావడమే కాదు, నీటి ఏర్పాటే చెడిపోతుంది. ఎగువ ఈజిప్టులోని అస్యూత్ ప్రాంతంలో అంతకు ముందు 6,000 మంది భూమిశిస్తు చెల్లించేవారనీ, తాఊన్ ఏడాది 116 మంది మాత్రమే చెల్లించారనీ చరిత్రకారుడు మఖ్రీజీ రాశాడు. కోత కోసేవారు లేక జాగీర్దారులైన సైనికులే తమ నౌకర్లతో పొలాల్లోకి దిగారనీ, కోసినవారికి సగం పంట ఇస్తామన్నా మనుషులు దొరకలేదనీ ఆయన చెప్పాడు. వ్యాధి బారినుండి బతికి బయటపడిన రైతుకు తరువాత ఆకలి ఎదురైంది. చచ్చిపోయిన పొరుగువాడి శిస్తు భారం కూడా అనేకచోట్ల మిగిలినవాడిమీదనే పడింది. ఊరు విడిచి నగరానికి పోవడం అతనికి పిరికితనం కాదు, గత్యంతరం లేకపోవడం.

కోటలో స్థితి వేరు. మమ్లూకులు అంటే దూరదేశాల నుండి పిన్నవయసులో కొని తెచ్చి, యుద్ధవిద్య నేర్పి, సైన్యంలో చేర్చిన తుర్కీ, సర్కేసియా యువకులు. పాలకులూ వారినుండే వచ్చేవారు. కైరో కోటలోని బారకాసుల్లో ఇరుకుగా కలిసి ఉండడం వల్ల తాఊన్ వచ్చిన ప్రతిసారీ వారు పెద్దసంఖ్యలో మరణించారు. పదిహేనవ శతాబ్దపు చరిత్రకారులు మృతుల వర్గాలను చెప్పేటప్పుడు పిల్లలు, బానిసలు, మమ్లూకులు, పరదేశులు అని తరచు ఒకే వరుసలో చేర్చారు. రాజ్యాన్ని ఏలే వర్గమూ, ఏమీ లేని వర్గమూ ఆ వరుసలో పక్కపక్కన నిలవడం గమనార్హం. అయితే ఆ యువ సైనికుడు చావుబతుకుల్లో ఉన్నప్పుడు పక్కన తల్లి లేదు, తోబుట్టువు లేదు. అది అతనికి మాత్రమే ఉన్న బాధ.

నగరంలో కొందరికి ఈ విపత్తు పని కూడా కల్పించింది. మృతదేహాలకు స్నానం చేయించేవారికి, జనాజా మోసేవారికి, సమాధులు తవ్వేవారికి, ఖుర్ఆన్ పఠించేవారికి కూలి పెరిగింది. తమ వృత్తులు వదలి ఈ పనుల్లోకి దిగినవారూ ఉన్నారు. ఇంకోవైపు పెళ్ళిళ్ళు, వేడుకలు ఆగిపోయాయి. రోజూ శవాలను మోసి బతికే మనిషి మనసు ఎలా ఉంటుందో ఏ గ్రంథమూ చెప్పలేదు. గ్రంథాలు రాసినవారు విద్వాంసులు; వారు తమ దుఃఖాన్ని మాత్రం నమోదు చేయగలిగారు.

ఆ దుఃఖమూ చిన్నది కాదు. అలెప్పోలో తాఊన్ గురించి రచన చేసిన ఇబ్నుల్ వర్దీ 1349లో అదే తాఊన్‌తో మరణించాడు. ఇబ్నె బతూతా ఇరవై నాలుగేళ్ళ ప్రయాణాల తరువాత 1349లో స్వదేశానికి చేరేసరికి, కొద్ది నెలల ముందే తల్లి ఆ వ్యాధితో పోయిందని తెలిసింది. ట్యూనిస్‌లో ఇబ్నె ఖల్దూన్ పదిహేడేళ్ళ ప్రాయంలో తల్లిదండ్రులను, గురువులలో అనేకులను పోగొట్టుకున్నాడు. దాదాపు మూడు దశాబ్దాల తరువాత రాసిన ముఖద్దిమాలో, ఆ మహమ్మారితో లోకం స్వరూపమే మారిపోయిందని ఆయన గుర్తించాడు. నాగరికతలు ఎందుకు క్షీణిస్తాయన్న ఆయన ప్రశ్న వెనుక ఆ బాలుని అనుభవం ఉందని అనుకోవడం తప్పు కాదు.

సామూహిక ప్రార్థన: రెండు సాక్ష్యాలు

1348 జులై చివర డమాస్కస్‌లో రాజప్రతినిధి అర్గూన్ షాహ్ మూడు రోజుల ఉపవాసం ప్రకటించాడు. పగటిపూట బజారులో వంట చేయరాదని చాటించారు. నాలుగవనాడు అమీర్లు, ఖాజీలు, సామాన్యులు చేతుల్లో ఖుర్ఆన్ పట్టుకొని పాదచారులై ఊరి వెలుపలి ఖదమ్ మసీదుకు నడిచారు. యూదులు తౌరాతుతో, క్రైస్తవులు ఇంజీలుతో, స్త్రీలు పిల్లలతో కలిసి నడిచారు. ఇబ్నె బతూతా ఇది కళ్ళారా చూశాడు. అదే తాఊన్ కాలంలో, 1349 ఫిబ్రవరిలో, ఐరోపాలోని స్ట్రాస్‌బర్గ్ నగరంలో వ్యాధికి కారకులన్న నెపంతో యూదులను సజీవదహనం చేశారు. ఆ పక్కన పెట్టి చూసినప్పుడు డమాస్కస్ ఊరేగింపు విలువ తెలుస్తుంది. నింద వేయడానికి మనిషిని వెతక్కుండా, భయాన్ని అందరూ కలిసి మోశారు. ఆ దుఆ వల్లనే ఉపద్రవం తేలికపడిందని ఇబ్నె బతూతా విశ్వసించాడు.

ఇందుకు భిన్నమైన సాక్ష్యం ఎనభై ఏళ్ళ తరువాత కైరో నుండి వచ్చింది. సహీహ్ బుఖారీకి ఫత్‌హుల్ బారీ అనే ప్రఖ్యాత వ్యాఖ్యానం రాసిన హాఫిజ్ ఇబ్నె హజర్ అస్ఖలానీ (రహ్మ) తాఊన్ గురించి బజ్లుల్ మాఊన్ అనే గ్రంథం రచించారు. హిజ్రీ 833 (క్రీ.శ. 1430) లో కైరోలో తాఊన్ మొదలైనప్పుడు రోజుకు నలభైకి లోపు మరణాలు ఉండేవి. మూడు రోజుల ఉపవాసం తరువాత జనం ఎడారిలోకి వెళ్ళి సామూహికంగా దుఆ చేసి వచ్చారు. ఆ నెల ముగియకముందే మరణాలు రోజుకు వెయ్యి దాటాయని ఆయన నమోదు చేశారు. డమాస్కస్‌లోనూ సమావేశం తరువాత వ్యాధి తగ్గలేదు, పెరిగిందని పేర్కొన్నారు. వర్షం కోసం చేసినట్లు ఇలా గుమికూడడానికి తొలి తరాల ఆచరణలో ఆధారం లేదన్నది ఆయన వాదన.

ఇక్కడ ఒక విషయం జాగ్రత్తగా గమనించాలి. ఇబ్నె హజర్ అంటువ్యాధి సిద్ధాంతాన్ని అంగీకరించలేదు. ఆయన ధర్మశాస్త్ర దృష్టితో మాట్లాడారు. పైగా తాఊన్ మొదలైన తొలివారాల్లో మరణాలు ఎలాగూ పెరుగుతాయి గనుక, పెరుగుదల అంతటికీ ఆ సమావేశమే కారణమని నేటి వైద్యం కూడా అనదు. ఊపిరితిత్తులకు సోకిన రకమైతే గుంపులో నేరుగా అంటుకుంటుంది. మిగతా రకానికి గోమార్లే ప్రధానం. అయినా భక్తితో చేసిన పని ఫలితాన్ని కూడా దాచకుండా లెక్కించి రాయడం ఆయన నిజాయితీ. గ్రనడాలో ఇబ్నుల్ ఖతీబ్ (మరణం 1374) మరో మెట్టు ముందుకు వెళ్ళి, రోగిని, అతని బట్టలను తాకినవారు చనిపోవడం, దూరంగా ఉన్నవారు బతకడం అనుభవంలో రుజువైన సంగతి గనుక అంటు నిజమేనని వాదించాడు.

నింద ఎవరిమీద పడింది?

ప్రతిసారీ డమాస్కస్ మార్గమే అనుసరించారని చెప్పలేం. 1438లో తాఊన్ మళ్ళీ వచ్చినప్పుడు సుల్తాన్ బర్స్‌బాయ్ ఏ పాపం వల్ల ఇది దాపురించిందని ఉలమాను అడిగాడు. వ్యభిచారం వల్లనన్నారు, స్త్రీలు అలంకరించుకొని వీధుల్లో తిరగడం మాట వచ్చింది. స్త్రీలెవరూ ఇల్లు దాటరాదని ఫర్మానా వెలువడింది. మృతురాళ్ళకు స్నానం చేయించే స్త్రీ కూడా ముహ్తసిబ్ వద్ద అనుమతి చీటీ తీసుకొని తలమీద కనిపించేలా పెట్టుకొని వెళ్ళవలసి వచ్చింది. నౌకర్లున్న ఇంటి స్త్రీకి ఇది అసౌకర్యం మాత్రమే. చేతిపని అమ్ముకొని బతికే వితంతువుకు ఇది ఆకలి. బిడ్డను పోగొట్టుకున్న తల్లికి సమాధి దాకా వెళ్ళే అవకాశమూ పోయింది. తాఊన్ ఆగలేదు. అదే సంవత్సరం జబ్బుపడిన సుల్తాన్ అనుమానంతో తన ఇద్దరు వైద్యులకు మరణదండన విధించి, జూన్‌లో తానూ మరణించాడు. భయం అధికారం చేతిలో పడితే ఎంత దూరం పోతుందో ఈ ఉదంతం చూపుతుంది.

ఇబ్నె హజర్ జీవితాన్ని ఈ ఉదంతం పక్కన ఉంచి చూడాలి. హిజ్రీ 819 (క్రీ.శ. 1416–17) తాఊన్‌లో ఆయన ఇద్దరు కుమార్తెలు ఫాతిమా, ఆలియా మరణించారు. బజ్లుల్ మాఊన్ రచన ఆ ఏడే ప్రారంభమైంది. హిజ్రీ 833లో పెద్ద కుమార్తె జైన్ ఖాతూన్ గర్భవతిగా ఉండి అదే వ్యాధితో పోయింది. గ్రంథం ఆ ఏడే పూర్తయింది. ముగ్గురు బిడ్డలను మట్టికిచ్చిన తండ్రి తన గ్రంథంలో ఎవరినీ నిందించలేదు. హదీసులను పరిశీలించారు, మరణాలను లెక్కించారు, సహనం గురించి, అల్లాహ్ పట్ల మంచి ఆశ కలిగి ఉండడం గురించి, రోగిని పరామర్శించే మర్యాదల గురించి రాశారు.

2020లో కరోనా వచ్చి మసీదులలో సామూహిక నమాజులు ఆగిపోయినప్పుడు, ఆ ఏటి హజ్ సౌదీ అరేబియాలో ఉన్న కొద్దిమందికే పరిమితమైనప్పుడు, సర్గ్ వద్ద ఉమర్ (ర) తీసుకున్న నిర్ణయాన్ని అనేకులు గుర్తుచేసుకున్నారు. హైదరాబాదు మక్కా మసీదు ఆ రంజాన్‌లో జమాఅత్ లేకుండా నిశ్శబ్దంగా ఉండిపోయింది. సర్గ్ ఉదంతంతో పాటు 1438 నాటి కైరో వితంతువునూ గుర్తుచేసుకోవడం అవసరం. ఇంట్లో ఉండమన్న ఆదేశం ధాన్యం ఉన్న ఇంటికీ, ఏ రోజు కూలి ఆ రోజు తెచ్చుకునే ఇంటికీ ఒకే అర్థం ఇవ్వదు. సహనం చేయమని చెప్పేవాడు, ఎదుటివాడి సహనానికి తాను ఏ మేరకు తోడ్పడగలడో కూడా చూసుకోవాలి. రోగిని పరామర్శించడం గురించి ఇబ్నె హజర్ తన గ్రంథంలో చోటు కేటాయించింది అందుకే.