బొమ్మల ఫైళ్లకూ ఒక చరిత్ర ఉంది

చరిత్ర అనగానే మనకు రాజులు, యుద్ధాలు గుర్తుకొస్తాయి. కానీ మనం రోజూ ఫోన్‌లో చూసే ఫోటోకి కూడా చరిత్ర ఉంది. ఫైలు పేరు చివర గిఫ్, జేపెగ్, పీఎన్‌జీ అని ఉంటాయి కదా! అవి ఎందుకు పుట్టాయో తెలుసుకుంటే, వెబ్‌సైట్‌లో ఏ బొమ్మకు ఏది వాడాలో మనకే అర్థమవుతుంది.

ఈ మూడింటిలో ముందు వచ్చింది గిఫ్. 1987లో అమెరికాలోని కంప్యూసర్వ్ కంపెనీ దీన్ని తయారుచేసింది. అప్పట్లో టెలిఫోన్ లైన్ల మీద బొమ్మలు చాలా నెమ్మదిగా వచ్చేవి. అందుకని ఫైలు చిన్నగా ఉండాలి. గిఫ్ బొమ్మకు 256 రంగులే. గీతల బొమ్మలకు అవి సరిపోతాయి గానీ, మనిషి ముఖానికి చాలవు.

ఫోటోలకు దారి చూపినవారిలో మన దేశంవాళ్లు ఉన్నారు. బెంగళూరులో పుట్టిన నాసిర్ అహ్మద్ అమెరికాలో పనిచేస్తూ 1972లో ఒక గణిత పద్ధతి ఆలోచించారు. పరిశోధనకు డబ్బు అడిగితే ఇవ్వలేదు. అయినా ఆయన వదల్లేదు. టి. నటరాజన్, కామిశెట్టి రామమోహనరావు గార్లతో కలిసి 1974లో దాన్ని ప్రచురించారు. 1992లో వచ్చిన జేపెగ్‌కు ఆ పద్ధతే పునాది. జేపెగ్ ఫోటోను అడ్డంగా 8, నిలువుగా 8 చుక్కలుండే గళ్లుగా విడగొట్టి, మన కంటికి అంతగా తెలియని వివరాలను తగ్గించేస్తుంది. అందుకే ఫైలు చిన్నదవుతుంది.

1994 చివర్లో ఒక గొడవ వచ్చింది. గిఫ్‌లో వాడే కుదింపు పద్ధతి మీద యూనిసిస్ కంపెనీకి పేటెంట్ ఉంది కాబట్టి, సాఫ్ట్‌వేర్ తయారుచేసేవాళ్లు లైసెన్సు డబ్బు కట్టాలన్నారు. ప్రోగ్రామర్లకు కోపం వచ్చింది. వాళ్లంతా కలిసి, ఎవరైనా ఉచితంగా వాడుకునేలా పీఎన్‌జీని తయారుచేశారు. 1996లో దానికి వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం ఆమోదం దొరికింది. ఇందులో బొమ్మను ఎన్నిసార్లు సేవ్ చేసినా ఒక్క చుక్క కూడా చెడదు.

కాబట్టి ఫోటోలకు జేపెగ్, అక్షరాలకూ లోగోలకూ పీఎన్‌జీ, కదిలే చిన్న బొమ్మలకు గిఫ్ వాడొచ్చు. ఫోటోను పీఎన్‌జీలో పెడితే ఫైలు చాలా పెద్దదవుతుంది. తక్కువ డేటా ఉన్న అమ్మానాన్నల ఫోన్లలో ఆ పేజీ తొందరగా తెరుచుకోదు. అక్షరాలను జేపెగ్‌లో పెడితే అంచులు మసకబారతాయి.

ఇంకో ముఖ్యమైన సంగతి. జేపెగ్‌ను మార్చి సేవ్ చేసిన ప్రతిసారీ కొంత వివరం పోతుంది, పోయింది తిరిగి రాదు. తాతల నాటి ఫోటోను స్కాన్ చేసినప్పుడు అసలు కాపీని పీఎన్‌జీలో దాచుకుని, వెబ్‌సైట్‌కు జేపెగ్ నకలు పెట్టడం మంచిది.