లిప్‌స్టిక్ గొట్టాల బేస్ గిటార్

పార్సిప్పనీలో తెలుగు కుర్రాడికి తొలి బేస్ గిటార్ కొనాలంటే సినిమా పాటకీ, రాక్‌కీ, జాజ్‌కీ ఒక్కటే సరిపోవాలి, ధర కూడా అందుబాటులో ఉండాలి. ఆ ఊరున్న న్యూజెర్సీకి ఈ లెక్క కొత్తేమీ కాదు.

1947లో ఇదే రాష్ట్రంలోని రెడ్ బ్యాంక్‌లో నేథన్ డేనియల్ డేన్‌ఎలక్ట్రో కంపెనీ పెట్టాడు. గిటార్ల తయారీలో ఖరీదైన కలప జోలికి పోలేదు. పోప్లర్ చట్రానికి ముందూ వెనకా మేసొనైట్ అనే చెక్కపీచు బోర్డు, తీగల మోతను పట్టే పికప్‌లకు లిప్‌స్టిక్ గొట్టాలు! చూడ్డానికి చవకబారే, మోగిస్తే సంగతి వేరు. 1956లో ఆరు తీగల బేస్, 1958లో కొమ్ములు తిరిగిన లాంగ్‌హార్న్ బేస్ వచ్చాయి. నాష్‌విల్ స్టూడియోలు ఆరు తీగల బేస్‌ను డబుల్ బేస్‌కు జతగా వాయించుకున్నాయి.

ద హూ రాక్ బృందంలోని బేస్ వాద్యకారుడు జాన్ ఎంట్విసిల్ కథ మరీ విడ్డూరం. డేన్‌ఎలక్ట్రో తీగ తెగితే లండన్‌లో విడి తీగ దొరక్క, ఏకంగా ఇంకో గిటారే కొన్నాడు.

1969లో డేన్‌ఎలక్ట్రో ఫ్యాక్టరీ మూతపడింది.