లేఖల కావలివారు - వారి పోటీ

జనగామ సంతలో ఒక అంగడివాడు తూకమున మోసము చేసెనేని, మఱుసారి మనము ప్రక్క అంగడికి పోవుదుము. పోటీ యనగా నిదియే. ఈమెయిలు లేఖలను వడగట్టు నిషేధ జాబితాల నడుమ నిట్టి పోటీ గలదా యని నాకు చాల దినములుగా సందేహము.

లేఖలను పంపు ప్రతి యంత్రమునకు అంకెలలో నొక చిరునామా యుండును. అక్కఱలేని వ్యాపారపు జాబులను లక్షలకొలది వెదజల్లు యంత్రముల చిరునామాలను కొందఱు జాబితాగా గూర్చిరి. లేఖ గుమ్మము చేరినంతనే స్వీకరించు యంత్రము ఆ జాబితా నడుగును. అందు చిరునామా యున్నచో తలుపు మూయును. అంతయు ఱెప్పపాటులో ముగియును.

1997లో అమెరికాయందు పాల్ విక్సీ, డేవ్ రాండ్ అనువారు 'మ్యాప్స్' పేర నిట్టి జాబితా నడిపిరి. 1998లో స్టీవ్ లిన్‌ఫోర్డు స్పామ్‌హౌస్‌ను, జూలియన్ హైట్ స్పామ్‌కాప్‌ను నెలకొల్పిరి. 2001లో మ్యాప్స్‌వారు రుసుము విధింపగా కొందఱు ఉచిత జాబితాల వైపు మరలిరి. ఇది పోటీయే కదా యని మీరనవచ్చును. వాడుకొనువారి మట్టునకు నేనును ఒప్పుకొందును.

కాని వాడుకొనువాడొకడు, నష్టపడువాడు వేఱొకడు. మహబూబాబాదు మిర్చి వ్యాపారి యొకడు లేఖలు పంపు యంత్రముననే పొరుగువాడెవడో చెత్త జాబులు పంపగా, ఆ యంత్రము జాబితా కెక్కినదనుకొందము. ఆ వ్యాపారి మఱియొక జాబితావారిని ఆశ్రయించి ప్రయోజనమేమి? గుమ్మము కడ నలుగురు కావలివారున్నపుడు ఒక్కడు వలదన్నను పెక్కుచోట్ల తలుపు తెఱువరు. కావున జాబితాలు పెరిగినకొలది వాని కెంపిక పెరుగదు, అడ్డంకులే పెరుగును. కొందఱు మాత్రము అన్ని జాబితాల మాటలకును మార్కులు వేసి కూడి చూతురు. అది కొంత మేలు.

2003 ఆగస్టులో ఓసిరుసాఫ్టు అను జాబితా, దాడులకు తాళలేక మూతపడుచు, అడిగిన ప్రతి చిరునామాయు దోషియే యని బదులిచ్చెను! దానిని నమ్మిన యంత్రములు నిరపరాధుల లేఖలను సైతము త్రిప్పికొట్టెను. తక్కిన జాబితాలు ఎన్నియున్నను ఆ పంపినవారి కొక్కటియు అక్కఱకు రాలేదు.

ఇక మిగిలినది న్యాయస్థానము. 2006లో అమెరికాలో ఒక వ్యాపార సంస్థ దావా వేయగా, ప్రతివాది వాదింపకున్నందున స్పామ్‌హౌస్‌పై 1 కోటి 17 లక్షల డాలర్ల తీర్పు వెలువడెను. అప్పీళ్ళ పిమ్మట 2011లో నది 3 డాలర్లకు దిగెను.

మన దేశమున టెలిఫోను వ్యాపారపు పిలుపుల నాపుటకు 2007లో ఏర్పడిన నమోదు చట్టమువలన వచ్చినది. అచట పోటీ ప్రశ్నయే లేదు. ఈమెయిలు జాబితాలకు అట్టి యజమాని లేడు.

భూపాలపల్లి కుఱ్ఱవాడు పంపిన దరఖాస్తు తిరిగివచ్చినచో, ఆ తిరుగు సమాచారమున జాబితా పేరు తఱచుగా నుండును. దానిని చూపి, తన సేవాదారునిచేత ఆ జాబితావారికే వ్రాయింపవలయును.