బోదకాలు నొప్పి - శస్త్రచికిత్స లేని ఉపశమనం

బోదకాలు (ఏనుగుకాలు, ఫైలేరియా) శోషరస నాళాలకు సంబంధించిన దీర్ఘకాలిక వ్యాధి. ఉకరేరియా బాంక్రాఫ్టి అనే దారం వంటి పురుగు క్యూలెక్స్ దోమకాటు ద్వారా శరీరంలో ప్రవేశించి ఈ నాళాలలో నివసిస్తుంది. నాళాలు పని చెడినప్పుడు ద్రవం కణజాలంలో నిలిచి కాలు, కొన్నిసార్లు చెయ్యి వాస్తుంది. పాఠ్యపుస్తకాలు ధమనులకు, సిరలకు ఇచ్చినంత చోటు శోషరస నాళాలకు ఇవ్వవు గాని, గోదావరి డెల్టా గ్రామాలలో ఈ వ్యాధిని ఎరుగని పెద్దలు అరుదు. వరిబీజానికి శస్త్రచికిత్స మంచి ఫలితమిస్తుంది. కాలి వాపు విషయంలో దాని ప్రయోజనం పరిమితం కనుక ఇంటి పరిచర్యే ప్రధానం.

కొల్లేటి ప్రాంతం

ఏలూరు జిల్లా భీమడోలు మండలంలోని గుండుగొలను 16వ నంబరు జాతీయ రహదారిపై, కొల్లేరుకు ఉత్తరాన ఉన్న గ్రామం. ఈ ప్రాంతంలో వరిచేలు, చేపల చెరువులు విస్తారం. వ్యాధికి కొల్లేటి నీరే కారణమని అనుకోవడం పొరపాటు. క్యూలెక్స్ దోమ ఎక్కువగా మురుగు కాలువలలో, మరుగుదొడ్ల గుంటలలో పెరుగుతుంది. అయితే ఊడ్పులలోను, చెరువు పనులలోను గంటల తరబడి నీటిలో నిలబడేవారి వేళ్ల సందులు పాసిపోతాయి. బోదకాలు ఉన్నవారికి అసలు ప్రమాదం ఇక్కడ మొదలవుతుంది.

నొప్పికి కారణం

ఉన్నట్టుండి చలితో జ్వరం రావడం, గజ్జలలో బిళ్ల కట్టడం, కాలు ఎర్రబడి వేడెక్కి ముట్టుకోనివ్వకపోవడం ఈ వ్యాధిలో తరచు కనిపించే బాధ. ఇది కొన్ని రోజులు, ఒక్కోసారి వారం వరకు మనిషిని మంచాన పడేస్తుంది, కూలి పోతుంది. పురుగు తిరగబెట్టిందని చాలామంది భావిస్తారు. నిజానికి ఎక్కువ సందర్భాలలో పాసిన సందుల నుంచి, పగుళ్ల నుంచి, గోకిన గాయాల నుంచి లోపలికి చేరిన బాక్టీరియాయే దీనికి కారణం. శోషరసం సరిగా ప్రవహించని కాలు వాటిని ఎదుర్కోలేదు. ఇలా వచ్చిన ప్రతిసారీ నాళాలు మరికొంత చెడి వాపు పెరుగుతుంది. కాబట్టి చర్మాన్ని కాపాడటమే నొప్పిని ఆపే మార్గం.

నిత్య పరిచర్య

రోజూ, ముఖ్యంగా పని నుంచి రాగానే, శుభ్రమైన నీటితో, సబ్బుతో కాలును మడతల లోపలి వరకు కడగాలి. రుద్దకుండా మెత్తని గుడ్డతో అద్ది, వేళ్ల సందులు పూర్తిగా ఆరేలా చూడాలి. తడి మిగిలితే కడిగిన ఫలం దక్కదు. సందులు పాసి ఉంటే ఆరోగ్య కార్యకర్త సూచించిన శిలీంద్రనాశక లేపనం రాయాలి. కూర్చున్నప్పుడు కాలు ఎత్తుగా పెట్టుకోవాలి. రాత్రి మంచం కాళ్లవైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టవచ్చు. మడమలెత్తి నిలబడటం, చీలమండను గుండ్రంగా తిప్పడం శోషరసం కదలడానికి తోడ్పడతాయి. చెప్పులు వదులుగా ఉండాలి.

కొద్ది దూరం నడవగానే పిక్క పట్టేసి, ఆగితే తగ్గుతుంటే అది ధమనుల వ్యాధి కావచ్చు. అటువంటి వారికి కాలు ఎత్తితే నొప్పి పెరుగుతుంది, బిగువు పట్టీ హాని చేస్తుంది. అందువల్ల వైద్యుడు చూడకుండా పట్టీ కట్టరాదు.

జ్వరం వచ్చినప్పుడు

విశ్రాంతి, చల్లని తడిగుడ్డ, తగినంత నీరు, పారాసిటమాల్ అవసరం. వైద్యుని సలహాపై యాంటీబయాటిక్ వాడాలి. వేడి కాపడం, ఆకుపసర్లు, బొబ్బలు చిదమడం, గాట్లు పెట్టడం హానికరం. వ్యాయామం, పట్టీ ఈ రోజులలో మానాలి. తరచు వచ్చేవారికి వైద్యులు మూడు వారాలకొకసారి పెన్సిలిన్ సూది కూడా సూచిస్తారు.

డి.ఇ.సి. మాత్రలు

పురుగుపై పనిచేసే డైఇథైల్ కార్బమజీన్ మందు 1940లలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో యల్లాప్రగడ సుబ్బారావు నేతృత్వంలో వెలువడింది. ఆయన 1895లో భీమవరంలో, అంటే ఈ వ్యాధి పాతుకుపోయిన డెల్టాలోనే జన్మించారు. భారతదేశంలో 2004 నుంచి ఈ మాత్రలను సామూహికంగా పంచుతున్నారు. 2018 నుంచి కొన్ని జిల్లాలలో ఆల్బెండజోల్, ఐవర్‌మెక్టిన్‌లతో కలిపి ఇస్తున్నారు. ఇవి వ్యాధి వ్యాప్తిని అడ్డుకుంటాయి. ముదిరిన వాపును తగ్గించలేవు. నొప్పి జ్వరం ఉన్నప్పుడు వీటిని మొదలుపెట్టకూడదు. మాత్రలు మింగినా కాలు తగ్గలేదని విసిగి, కడగడం కూడా మానేసేవారున్నారు. ఈ రెండు పనులూ వేరని వారికి చెప్పేవారు కావాలి.