పన్నెండు ఫ్రేముల రీలు: చిట్టమూరు ప్రాంతంలో ఔత్సాహిక ఛాయాగ్రహణం – నెగటివ్‌ల చారిత్రక విలువ

వ్యాససంగ్రహం:
గ్రామీణ కుటుంబాల్లో ఫిల్ము కెమెరా అభిరుచిగా నిలిచిన కాలాన్ని మనం ఇంతవరకు ఆల్బములలో మిగిలిన మంచి ఫొటోల ద్వారానే చూస్తున్నాం. చెడిపోయిన ఫొటోలు, వాటి వరుస చెప్పే విషయాలు నెగటివ్‌లలోనే ఉన్నాయి. చిట్టమూరులోని ఒక కుటుంబపు నెగటివ్‌ల ఆధారంగా, తెలుగులో ఫొటోకు సంబంధించి స్థిరపడిన వాడుకల సాయంతో, ఆ విషయాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: ఔత్సాహిక ఛాయాగ్రహణం, నెగటివ్, చిట్టమూరు, శ్రీహరికోట, స్థానిక చరిత్ర, వాడుక భాష.

1. ప్రవేశిక

తెలుగునాట ఛాయాగ్రహణ చరిత్ర అనగానే ముందుగా గుర్తొచ్చే పేరు రాజా దీన్ దయాళ్. 1844లో మీరట్ సమీపంలోని సర్ధనాలో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇండోరు ప్రజాపనుల శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరిన ఆయన, 1870లలో కెమెరా పట్టినప్పుడు ఔత్సాహికుడే. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడు కావడం, సికింద్రాబాదులో స్టూడియో పెట్టడం తరవాతి సంగతులు. వృత్తిగా మారిన తరవాతి జీవితం గ్రంథాలకెక్కింది. అభిరుచిగా గడిచిన తొలి సంవత్సరాల గురించి మనకు తెలిసింది తక్కువ. ఈ అసమానత ఆయన ఒక్కరి విషయంలోనిది కాదు.

నెల్లూరు జిల్లా అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోది. బొంబాయిలో 1854లో ఫొటోగ్రఫిక్ సొసైటీ ఏర్పడింది. మద్రాసులోనూ అదే దశాబ్దంలో, కళాపాఠశాల స్థాపకుడైన వైద్యుడు అలెగ్జాండర్ హంటర్ చొరవతో అటువంటి సంఘమే వెలిసింది. సైనికాధికారులు, వైద్యులు, ఇంజనీర్లు తీరిక వేళల్లో చేసిన పని అది. ఆ తీరిక, ఆ ఖర్చు మన పల్లెలకు అందేవి కావు. పల్లెవాసులు కెమెరాకు ఎదురుగానే ఉన్నారు, వెనక లేరు. ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో ఏడు సంపుటాలుగా ప్రకటించిన దక్షిణభారత కులాల, తెగల గ్రంథంలో యానాదులపై సుదీర్ఘమైన వ్యాసం ఉంది. అందులో శ్రీహరికోట యానాదుల ప్రస్తావనా ఉంది. చిత్రాలతో కూడిన ఆ గ్రంథం మనుషులను కులం పేరుతో చూపిస్తుంది. ఇంటి ఆల్బములో ఉన్నవారికి మాత్రం పేర్లుంటాయి, వరసలుంటాయి. ఫలానా ఫొటోలో మూలన చెయ్యి మాత్రమే కనిపిస్తున్నది ఎవరిదో కూడా ఇంట్లోవాళ్ళకు తెలుస్తుంది. ఔత్సాహిక ఛాయాగ్రహణాన్ని విడిగా అధ్యయనం చేయడానికి ఈ ఒక్క కారణం చాలు.

2. దిగడం, పడడం, కడిగించడం

యంత్రం పరాయిదైనా దానిచుట్టూ అల్లుకున్న క్రియలు మనవి. ఫొటో తీసేవాడు ‘తీస్తాడు’, తీయించుకునేవాడు ‘దిగుతాడు’. ఈ రెండో మాట దగ్గర కొంచెం ఆగాలి. బొమ్మను చూసి మరో బొమ్మ వేయడాన్ని ‘దించడం’ అంటాం. కొడుకును చూసి ‘అచ్చు తండ్రిని దించినట్టున్నాడు’ అంటాం. ‘దించు’కు అకర్మక రూపం ‘దిగు’. రూపం ఒకచోటి నుంచి మరొకచోటికి దిగుతుందన్న పాత ఊహలోకే ఫొటో వచ్చి చేరిందని నా అభిప్రాయం. పండితులు కల్పించిన ‘ఛాయాచిత్రం’ కూడా ఈ ఊహకు దూరం కాదు. ఛాయ అంటే నీడ మాత్రమే కాదు, పోలిక కూడా. సూర్యుని వేడి భరించలేని సంజ్ఞ తన బదులు నిలిపి వెళ్ళిన స్త్రీ పేరు ఛాయ కావడం యాదృచ్ఛికమే అయినా, రీలు వాడినవారికి నవ్వు తెప్పించే సంగతి.

‘ఫొటో బాగా పడింది’, ‘సరిగ్గా పడలేదు’ అన్న వాడుకలో కర్త ఫొటోయే. తీసినవాడు తప్పు చేశాడని ఎవరూ అనరు. ఫొటో పడలేదంటారు, అంతే. వాన పడడం, పంట పండడం వంటి విషయం అది. మనిషి ప్రయత్నం ఉంటుంది, ఫలితం మాత్రం చేతిలో ఉండదు. డిజిటల్ కెమెరా వచ్చాక ఈ వాడుక పలచబడింది. వెంటనే చూసి చెరిపేసే చోట ‘పడలేదు’ అనాల్సిన అవసరమే రాదు.

‘కడిగించడం’ మరీ విలువైన మాట. డెవలపర్, హైపో, ఆపైన నీళ్ళు అన్న మూడు దశల్లో చివరిదైన కడగడమే మొత్తం ప్రక్రియకు పేరైంది. ఫొటో తీయించుకునేవారికి అర్థమైన భాగం అదే. అయితే నెల్లూరు ప్రాంతంలో చిక్కు వచ్చేదీ ఆ నీళ్ళ దగ్గరే. ఫిల్మును కడగడానికి ప్రమాణంగా చెప్పే ఉష్ణోగ్రత 20 డిగ్రీల సెల్సియస్. వేసవిలో మా వైపు కుళాయి నీళ్ళే 30 దాటుతాయి. వేడెక్కిన డెవలపర్ త్వరగా పనిచేసి నెగటివ్‌ను నల్లబరుస్తుంది. రసాయనానికీ నీళ్ళకూ మధ్య వేడిలో తేడా ఎక్కువైతే మెత్తబడ్డ జెలటిన్ పొర ముడతలు పడుతుంది. అందుకే ట్రే చుట్టూ ఐసు పేర్చుకునేవారు. కేంద్రప్రభుత్వం 1960లో స్థాపించిన హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ కర్మాగారాన్ని ఊటీ చల్లదనంలో కట్టారు. అక్కడ తయారై ‘ఇందు’ పేరుతో వచ్చిన ఫిల్ము పులికాట్ ఒడ్డు ఉక్కలో వాడకానికి వచ్చేది.

3. క్లిక్ కెమెరా

జార్జ్ ఈస్ట్‌మన్ 1888లో కొడాక్ కెమెరానూ, అతని సంస్థ 1900లో ఒక డాలరు ధరకు బ్రౌనీ పెట్టె కెమెరానూ తెచ్చి అమెరికాలో సామాన్యుల చేతికి ఇచ్చినదాన్ని, మన దగ్గర చాలా ఆలస్యంగా అగ్ఫా క్లిక్ త్రీ ఇచ్చింది. దిగుమతులపై ఆంక్షలున్న రోజుల్లో బరోడాలోని న్యూ ఇండియా ఇండస్ట్రీస్ తయారుచేసిన ఈ కెమెరాలో 120 రకం రీలు వేస్తే ఆరు సెంటీమీటర్ల చదరంలో పన్నెండు ఫొటోలు వచ్చేవి. ఫోకస్ లేదు, ఎండకూ మబ్బుకూ గుర్తులుండేవి. వెనకవైపున్న చిన్న ఎర్ర అద్దంలోంచి అంకె చూసుకుంటూ రీలును చేత్తో తిప్పాలి.

మా నాయన దగ్గర ఉన్నది అదే. చిట్టమూరులో ఉపాధ్యాయుడిగా పనిచేస్తూ, 1970లలో ఆ కెమెరా కొన్నారు. రీలు కొనాలన్నా కడిగించాలన్నా నాయుడుపేటకో గూడూరికో బస్సెక్కాలి. ఆ నెగటివ్‌లు ఒక బిస్కెట్ల డబ్బాలో నాకు దక్కాయి. మూడేసి ఫ్రేముల ముక్కలుగా కత్తిరించి కాగితపు కవర్లలో పెట్టినవి, కవర్లపై పెన్సిలుతో ఒకటి రెండు మాటలు.

ఆల్బములోని ఫొటోలను డబ్బాలోని నెగటివ్‌లతో పోల్చి చూసినప్పుడు నాకు మొదట తోచిన విషయం, ఆల్బము ఎంత పెద్ద అబద్ధమో. ప్రింటు వేయించనివి దాదాపు సగం. వాటిలో తలలు తెగిన పెళ్ళివారున్నారు. చూసే కిటికీ లెన్సుకు పైన ఉంటుంది కనక, దగ్గరగా నిలబడ్డ మనిషిని లెన్సు కాస్త కిందికి చూస్తుంది. ఫలితం, పట్టుచీరలు పూర్తిగా వచ్చి తలలు రాకపోవడం. రీలు తిప్పడం మరిచినందువల్ల మల్లాం సుబ్రహ్మణ్యస్వామి గుడి గోడలోంచి బయటికి వస్తున్నట్టు కనిపించే మా పెద్దమ్మ ఉంది. ఆమెకు ఆ నెగటివ్‌ను వెలుగుకు పట్టి చూపిస్తే, దీన్ని అప్పుడే చూపించి ఉంటే స్వామికి మొక్కు తీర్చేదాన్నని అన్నది.

ఒక రీలు మొత్తం నల్లగా ఉంది. దాని కథ అమ్మ చెప్పింది. సినిమాల్లో చీకటిగదిలో ఎర్రబల్బు వెలుగుతుంది కదా అని, నాయన ఒకసారి వడ్లగదిలో ఎర్రకాగితం చుట్టిన బల్బు కింద రీలు కడగబోయారట. ఎర్రవెలుగు ప్రింటు కాగితానికి మాత్రమే హాని చేయదు. అన్ని రంగుల వెలుగునూ గ్రహించే పాంక్రోమాటిక్ ఫిల్మును విప్పి కడగాలంటే కటిక చీకటి కావాలి. పన్నెండు ఫొటోలూ ఆ బల్బు వెలుతురులో కాలిపోయాయి. ఆ సాయంత్రం ఆయన అన్నం తినలేదని కూడా అమ్మ చెప్పింది. ఆ రీలును మాత్రం పారేయలేదు. కవరుపై ‘చదువు’ అని రాసిపెట్టుకున్నారు.

ఇందులోని ఆనందాన్ని కూడా లెక్కలోకి తీసుకోకపోతే, ఈ మనుషులు ఇంత డబ్బు ఎందుకు తగలేశారో అర్థం కాదు. పన్నెండింటిలో నాలుగు పడితే ఇంటిల్లిపాదికీ పండగ. ఒక రీలు పూర్తికావడానికి మా ఇంట్లో ఆరేడు నెలలు పట్టేది. కడిగి వచ్చేసరికి సంక్రాంతి ఎద్దులు చవితి నాటికి కనిపించేవి. జరిగిపోయిన కాలం మరోసారి ఇంటికి వచ్చినట్టుండేది.

4. ఆకాశం ఉన్న ఫ్రేము

ఈ నిదానమే చరిత్రకారుడికి పనికొస్తుంది. పన్నెండు అవకాశాలను ఒక కుటుంబం అరసంవత్సరం మీద పంచుకున్నప్పుడు, దేనికి ఒక ఫ్రేము ఖర్చుపెట్టదగినదని తలచిందో ఆ వరుస చెబుతుంది. ఫ్రేముల అంకెలు నెగటివ్ అంచునే ముద్రించి ఉంటాయి. ఆల్బములో అతికించిన ప్రింటుకు ఈ వరుస ఉండదు.

ఒక కవరుపై ‘రాకెట్టు’ అని ఉంది. లోపలి ఏడవ ఫ్రేములో రాకెట్టు లేదు. అడుగున తాటిచెట్ల తలలు, పైన తెల్లబారిన ఆకాశం, ఎడమవైపు నుంచి పొగమంచులా పాకిన వెలుగు. శ్రీహరికోట చిట్టమూరుకు ఆగ్నేయంగా ఉంటుంది; ఉదయం పూట అటు తిరిగిన లెన్సులోకి ఎండ పక్కనుంచి కొడుతుంది. పైగా దూరం ముప్పై కిలోమీటర్లకు పైమాటే. ఎస్.ఎల్.వి-3 ఎత్తు 22 మీటర్లు. సుమారు 70 మిల్లీమీటర్ల లెన్సు అంత దూరంలోని అంత వస్తువును నెగటివ్‌పై మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు దరిదాపుల్లో మాత్రమే చూపగలదు. ఒంటి అద్దపు లెన్సుకు అది అసాధ్యమే. వెనక వదిలిన తెల్లపొగ తెల్లటి ఆకాశంలో కలిసిపోయింది.

ఇది ఏ ప్రయోగం? అమ్మ మాటలో ఇది 1979 ఆగస్టు 10న విఫలమైన మొదటి ఎస్.ఎల్.వి. “ఆ రాకెట్టు సముద్రంలో పడింది, అందుకే ఫొటో కూడా పడలేదు” అంటుంది. ఎంతో కుదిరిన కథ. కానీ అదే రీలు నాలుగో ఫ్రేములో మా అక్క చాపమీద తనంతట తాను కూర్చుని ఉంది. అక్క పుట్టింది 1979 నవంబరులో. కాబట్టి మొదటి ప్రయోగం కాదు. తరవాత ఎస్.ఎల్.వి-3 శ్రీహరికోట నుంచి 1980 జులై 18న, 1981 మే 31న, 1983 ఏప్రిల్‌లో ఎగిరింది. పదకొండో ఫ్రేములో మట్టి వినాయకుడి వైపు అక్క పాకుతున్నది. పదినెలల బిడ్డ పాకుతుంది, ఇరవైరెండు నెలల బిడ్డ పరుగెత్తుతుంది. అంటే ఆ చవితి 1980 నాటిది. ఏడవ ఫ్రేము, రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో నిలిపిన 1980 జులై 18 ఉదయం, ఎనిమిది దాటాక తీసినది.

దేశం గెలిచిన రోజున మా నాయన ఫొటో ఓడిపోయింది. ఇంటి జ్ఞాపకం ఆ ఓటమిని దేశపు ఓటమితో జతకట్టి సరిపెట్టుకుంది. మౌఖిక చరిత్రలో ఇటువంటి జతకట్టడం తరచూ ఎదురవుతుంది. దాన్ని సరిదిద్దే ఆధారం దొరకడమే అరుదు. ఇక్కడ దాన్ని సరిదిద్దినది ఎందుకూ పనికిరాదనుకున్న ఒక ఫ్రేము, దాని అటూ ఇటూ ఉన్న అంకెలు. నేను ఈ లెక్కంతా చెప్పాక కూడా అమ్మ తన మాట మార్చుకోలేదు. ఆమె చెప్పినదాన్నీ కవరులోనే రాసిపెట్టాను.

5. మిగిలినవి

1984 నవంబరు తుపాను శ్రీహరికోట దగ్గర తీరం దాటినప్పుడు మా అటక తడిసింది. డబ్బాలోకి నీళ్ళు దిగి కొన్ని నెగటివ్‌లు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. మిగిలినవాటిపై ఉప్పుగాలికీ చెమ్మకీ బూజు సాలెగూడులా అల్లుకుంది. అయినా నలుపు తెలుపు నెగటివ్‌లో బొమ్మ వెండితో ఏర్పడుతుంది, అది గట్టిది. రంగుల ఫిల్ములో వెండిని తొలగించి రంగుల్నే మిగులుస్తారు, అవి వేడికీ చెమ్మకీ క్రమంగా వెలిసిపోతాయి. 1972లో కొడాక్ తెచ్చిన సి-41 పద్ధతి మన పట్టణాల ల్యాబులకు చేరి, ‘హాట్ షాట్’ వంటి కెమెరాలు పెళ్ళిళ్ళలోకి వచ్చాక తీసిన మా ఇంటి ఫొటోలు ఇప్పుడు ఎర్రబారాయి. 1990ల నాటి నా ముఖం కన్నా 1975 నాటి మా అవ్వ ముఖం స్పష్టంగా ఉంది. మన జిల్లాల స్థానిక చరిత్రపై పనిచేసే పరిశోధకులు ఈ క్రమాన్ని గమనించాలి: ముందుగా కాపాడవలసినవి పాతవి కావు, రంగుల రీళ్ళు.

మరో తొందర కూడా ఉంది. ఫొటోలు స్కాన్ చేయించుకున్న కుటుంబాలు నెగటివ్‌లను చెత్తలో వేస్తున్నాయి. స్కాన్ చేయించేదీ బాగా పడినవాటినే. ఇళ్ళకు వెళ్ళినప్పుడు ఆల్బము అడగడంతో ఆగక, కవర్లు అడగాలి. ముక్కల వరుస చెడకముందే అంచుల్లోని అంకెలు రాసుకోవాలి. ఖాళీ ఫ్రేములకు కూడా అంకె ఇవ్వాలి. కవరుపై పెన్సిలు మాటలను యథాతథంగా ఎత్తిరాసుకోవాలి.

ఆ కెమెరాలో నేనూ ఒక రీలు వేశాను. ఈనాటి రీలు ఖరీదుకు మా నాయన ఒక ఏడాది ఫొటోలు తీసి ఉండేవారు. పులికాట్ అంచున ఫ్లెమింగోల కోసం పన్నెండూ ఖర్చుచేస్తే నాలుగు పడ్డాయి. ఒకదానిలో నా వేలు ఉంది. పక్షులు ఏ ఫ్రేములోనూ చుక్కలకన్నా పెద్దగా లేవు. కవరుపై తేదీ రాసి, పన్నెండింటినీ డబ్బాలో చేర్చాను.

అతుక్కుపోయిన ముక్కల్లో ఒక జత ఇప్పటికీ అలాగే ఉంది. వెలుగుకు పట్టి చూస్తే రెండు బొమ్మలు ఒకదానిపై ఒకటి కనిపిస్తాయి: నీళ్ళబిందెతో ఒక స్త్రీ, బడి ముందు వరుసగా నిలబడ్డ పిల్లలు. ఆ స్త్రీ ఎవరో అమ్మకు కూడా తెలియడం లేదు. శుద్ధజలంలో నానబెడితే విడిపోవచ్చు, జెలటిన్ పొర మొత్తం లేచి రావచ్చు. వాటిని ఇంకా నీళ్ళలో వేయలేదు.